ఛాతీ మీద ‘వీ’

చలి అంటే ఏమిటో నాకు బాగా తెలుసునని గట్టిగా నమ్మిన రోజులవి. రాజమండ్రిలో పుట్టి పెరిగినవాడికి ఆ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందని మీరడగొచ్చు. మాఘమాసంలో మా మామ్మ నన్ను తెల్లారకముందే లేపి, గోదావరికి నడిపించుకెళ్లి, మెడ పట్టుకుని మునకలు వేయించేది. (పైకి తేలగానే నా పళ్లు టకటకా కొట్టుకునేవి. అదేదో స్తోత్రం చదువుతున్నానని మామ్మ మురిసిపోయేది.) ఆ ఒక్క అనుభవాన్నీ వెంటబెట్టుకుని, ఎమ్మెస్ ముగించి, మొదటి ఉద్యోగానికి అడుగుల లెక్కన మంచు కురిసే షామ్‌బర్గ్‌లో దిగాను. మనిషికి ఇరవయ్యేళ్లు దాటాక కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ ఉండదని కూడా ఆ రోజుల్లోనే నమ్మేవాణ్ణి.

ఆఫీసులో నా పక్క క్యూబికల్‌లో ఒక మహాకాయుడు కూర్చునేవాడు. మా తెలుగువాళ్లం ఆయనకి భీముడని పేరు పెట్టుకున్నాం. మనిషి ఎంత భారీయో మాట అంత మెత్తన. ఒక్క ఫుట్‌బాల్ (బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఇక్కడి రకం) సంగతి వస్తే తప్ప. ఆ ఏడాది మా నగరం టీమ్ వారం వారం ఓడిపోతోంది. అదీ మామూలుగా కాదు, చూసేవాళ్లు సిగ్గుతో ఛానెల్ మార్చేలా ఓడిపోతోంది. ఓడిన మర్నాడు, అంటే సోమవారం, భీముడు టీమ్ జెర్సీ వేసుకుని, తల ఎత్తుకుని ఆఫీసుకి వచ్చేవాడు. “గెలిచినప్పుడు ఎవడైనా వేసుకుంటాడు” అనేవాడు. ఒక సోమవారం నేను జాలిపడి, మంచి మాట చెబుతున్నాననుకుని, “ఇంత బాధపడే బదులు గెలిచే టీమ్‌ని దేన్నైనా పట్టుకోవచ్చు కదా?” అన్నాను. ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు. వాళ్లమ్మని ఏదో అన్నట్టు నా వైపు చూశాడు. “మా తాత ఈ టీమ్ కోసం అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. మా నాన్న ఆట లేని వారం చూసుకుని పెళ్లి ముహూర్తం పెట్టించుకున్నాడు. నేనెళ్లి ఇంకో టీమ్‌ని పట్టుకోవాలా?” అన్నాడు. లంచ్ దాకా నాకు జెర్సీ వీపే చూపించాడు.

లంచ్ దగ్గర మాటలు కలపడానికి చలి సంగతి ఎత్తాను. ఎత్తినవాణ్ణి ఊరుకోవచ్చా? “ఇదీ ఒక చలేనా! చిన్నప్పుడు నేను నడి చలికాలంలో, చొక్కా లేకుండా, నదిలో మునిగేవాణ్ణి” అన్నాను. భీముడు తినడం ఆపి, మొదటిసారి నన్ను గౌరవంగా చూశాడు. ఆయన ఊహలో మా గోదావరి మీద మంచుపలకలు తేలుతున్నాయని నాకు తర్వాత తెలిసింది. అప్పుడే తెలిసినా దిద్దేవాణ్ణేమీ కాదు.

ఆ మాట అన్న కొన్నాళ్లకు, డిసెంబరులో, భీముడు నా క్యూబికల్‌కి కుర్చీ లాక్కుని వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది. విషయం ఏమిటంటే, ఏటా సొంత మైదానంలో జరిగే ఆఖరి ఆటకి భీముడితో కలిపి ఐదుగురు మనుషులు చొక్కాలు విప్పి, ఛాతీల మీద ఒక్కొక్క అక్షరం రాయించుకుని, ముందు వరుసలో నిలబడేవాళ్లు. ఎన్, ఈ, వీ, ఈ, ఆర్. నెవర్. అంటే ఎప్పటికీ వదిలిపెట్టం అని. ఆట ముగిసేదాకా ఎవరూ చొక్కా వేసుకోకూడదు, ఎవరూ కదలకూడదు. ఈ ఆచారం మొదలుపెట్టింది వాళ్లకి హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారు. నలుగురూ ఆయన శిష్యులే, మధ్యలో ‘వీ’ మాస్టారిది. ఆ మాస్టారు మంచు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆదివారం ఆట, సోమవారం ఆపరేషన్. మళ్లీ సరిగ్గా నడుస్తారో లేదో డాక్టర్లు చెప్పడం లేదు. ఆస్పత్రి మంచం మీంచి టీవీలో ఆట చూస్తానని, వరుస మాత్రం ఖాళీ ఉంచొద్దని శిష్యుల దగ్గర మాట తీసుకున్నారట.

“మధ్యలో వీ లేకపోతే ఏం మిగులుతుంది చెప్పు?” అన్నాడు భీముడు. నేను కాగితం మీద రాసి చూశాను. నీర్. వాళ్లకది అర్థం లేని మాట, నాకు మాత్రం గొంతులో నీళ్లు ఎండిపోయాయి, ఎందుకంటే ఆయన ఏం అడగబోతున్నాడో అప్పటికే అర్థమైంది. “నా స్నేహితులందర్నీ అడిగాను. అందరికీ భార్యలున్నారు, వాళ్లు ఒప్పుకోలేదు. నీకు భార్య లేదు. పైగా నదిలో మునిగినవాడివి” అన్నాడు. కాదని చెప్పడానికి నా దగ్గర ఒకే దారి ఉంది, గోదావరి ఎంత వెచ్చగా ఉంటుందో బయటపెట్టడం. దానికంటే చావడం మేలనిపించి, “సరే” అన్నాను.

అపార్ట్‌మెంట్‌లో నా రూమ్మేట్ నెల్లూరు (ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్లం, నేను రాజమండ్రిని) ఈ వార్త విని పొయ్యి ఆర్పేసి వచ్చాడు. “ఏందిరా నీకీ ఖర్మ? గెలిచే టీమ్‌కైతే సర్లే అనుకోవచ్చు. ఓడిపోయేదానికి చొక్కా ఇప్పేదేంది?” అన్నాడు. మాటిచ్చాను కాబట్టి నిలబడతాను, అంతే. ఆ సాయంత్రం నుంచి సాధన మొదలుపెట్టాను. ఆఫీసు నుంచి రాగానే చొక్కా విప్పి, బాల్కనీలో చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి. నెల్లూరు లోపల టీ తాగుతూ, అద్దంలోంచి నన్ను ప్రయోగశాలలో ఎలకని చూసినట్టు చూసేవాడు. వణుకు ఆపడానికి నాకు వచ్చిన శ్లోకాలన్నీ పైకి చదివేవాణ్ణి. మూడోరోజో నాలుగోరోజో ఎదురు బిల్డింగ్‌లో ఉండే తెలుగు ఆంటీ డబ్బా నిండా చక్కెరపొంగలి పట్టుకొచ్చింది. “ఈ దేశమొచ్చాక కూడా ఇంత నిష్ఠగా సంధ్యావందనం చేసే పిల్లాణ్ణి నేను చూళ్లేదు బాబూ, మా వాడికి రోజూ నిన్నే చూపిస్తున్నా” అంది. నెల్లూరు నోరు తెరవబోతే కాలు తొక్కాను. పొంగలి చాలా బాగుంది.

ఆదివారం వచ్చింది. నగరం పక్కనున్న సరస్సు మీంచి వచ్చే గాలి స్టేడియం పార్కింగ్‌లోనే నన్ను చెంపల మీద కొట్టి పలకరించింది. కార్ల వెనకాల పొయ్యిలు పెట్టి జనం మాంసం కాలుస్తున్నారు. ఓడిపోతామని తెలిసి వచ్చినవాళ్లలా లేరు, పెళ్లివారిలా ఉన్నారు. నేను మా అమ్మ పంపిన గోంగూర పచ్చడి సీసా తీసుకెళ్లాను. భీముడు దాన్ని రొట్టెలో దట్టంగా రాసుకుని ఒక ముక్క కొరికి, కళ్లనీళ్లు తుడుచుకుని, “ఇది ముందే ఎందుకు తేలేదు?” అని మిగతా ముగ్గురికీ తనే పంచాడు. తర్వాత నా చొక్కా విప్పించి నీలం రంగు పూయడం మొదలుపెట్టారు. మిగతావాళ్ల ఛాతీలు గోడల్లా ఉన్నాయి, అక్షరం నున్నగా దిగింది. నాది తడిక. కుంచె పక్కటెముకల మీద ఎక్కి దిగుతుంటే చక్కిలిగిలి ఆపుకోలేక కిసుక్కున నవ్వాను, ‘వీ’ వంకర తిరిగింది. “దూరానికి తెలీదులే” అన్నాడు భీముడు.

ఆట మొదలైంది. మొదట చలి కుట్టింది, తర్వాత కరిచింది, తర్వాత నాకు భుజాలున్నాయన్న సంగతే మర్చిపోయాను. మా టీమ్ మా పరువు కాపాడే ప్రయత్నమేమీ చెయ్యలేదు. బంతి పట్టుకున్నవాడు జారవిడిచేవాడు, జారవిడవనివాడు పడిపోయేవాడు. సగం ఆటకే స్కోరు చూడబుద్ధి కాలేదు. దానికి తోడు మంచు మొదలైంది. మా వెనక వరుసలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. నేను సిగ్గు విడిచి, “మనం ఎలాగూ గెలవం కదా, వెళ్లిపోతే?” అన్నాను, మాటలు పళ్ల మధ్య ముక్కలైపోతుంటే. భీముడు తల తిప్పకుండానే, “గెలుస్తామని ఎవరన్నారు? మాస్టారు చూస్తున్నారు” అన్నాడు. అంతే. నాకు ఆ మాస్టారెవరో తెలియదు, ఆ ఆటలో సగం నియమాలు తెలియవు. కానీ విరిగిన తుంటితో మంచం మీద పడుకుని, టీవీలో ఐదు అక్షరాల కోసం వెతుక్కుంటున్న ఒక పెద్దమనిషి కళ్లకి కట్టినట్టు కనిపించాడు. కాళ్లు రెండూ నేలకి గట్టిగా ఆనించి, ఇక ఈ వరుసలోంచి నన్ను లాగాలంటే క్రేన్ రావాల్సిందే అనుకున్నాను.

క్రేన్ రాలేదుగానీ, స్టేడియం ప్రథమ చికిత్స విభాగం నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. మిగతా నలుగుర్నీ చూసి ముందుకెళ్లిపోయి, నా దగ్గర టక్కున ఆగింది. “అబ్బాయ్, నువ్వు నీలంగా మారుతున్నావు” అంది. “అది రంగండీ” అన్నాను. “ఛాతీ కాదు, పెదాలు” అంది. లోపలికి రమ్మంది, నేను రానన్నాను. ఆజ్ఞాపించింది, బతిమాలాను. చివరికి మాస్టారి సంగతి విని, ఆవిడే ఒక ఒప్పందానికి వచ్చింది. దుప్పటి తెచ్చి, ముందు అక్షరం కనబడేలా, వెనకనుంచి భుజాల మీదుగా కప్పి, అంచులు సర్ది, చేతికో వేడి కోకో కప్పు ఇచ్చి వెళ్లింది. చూడ్డానికి అచ్చం సన్మానంలా ఉంది. (నా జీవితంలో ఇప్పటిదాకా జరిగిన సన్మానం అదొక్కటే.)

ఆట ఇక కొద్ది నిమిషాల్లో ముగుస్తుందనగా అసలు ప్రమాదం వచ్చింది. మా చివర నిలబడ్డ ‘ఆర్’, మా అందరిలోకీ, భీముడికంటే కూడా, లావుపాటి మనిషి, “ఇక నా వల్ల కాదు” అంటూ కోటు మీదకి చెయ్యి చాచాడు. నాకేమైందో తెలియదు. అంతసేపూ కూడబెట్టుకున్న చలంతా కోపంగా మారి, “ఒరేయ్! ఆ కోటు ముట్టుకున్నావంటే మర్యాదగా ఉండదు! మాస్టారు చూస్తున్నారక్కడ!” అని స్వచ్ఛమైన తెలుగులో అరిచాను. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు, అంతా అర్థమైంది. చెయ్యి వెనక్కి తీసుకుని నిటారుగా నిలబడ్డాడు. సరిగ్గా ఆ తర్వాతే మా టీమ్ కుర్రాడొకడు ఎలా దొరకబుచ్చుకున్నాడో బంతిని దొరకబుచ్చుకుని, మంచులో పడుతూ లేస్తూ మైదానం చివరిదాకా పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. దానివల్ల ఒరిగిందేమీ లేదు, చాలా పాయింట్ల తేడాతోనే ఓడిపోయాం. అయినా మిగిలిన గుప్పెడు జనం స్టేడియం దద్దరిల్లేలా అరిచారు, అందరికంటే గట్టిగా నేనే అరిచాను. టీవీ కెమెరా మా వైపు తిరిగింది. ఐదు అక్షరాలూ ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి నెల్లూరు వేడినీళ్లు పెట్టి, మిరియాల చారు కాచి ఉంచాడు. “టీవీలో చూశాలేరా” అన్నాడు, ఇంకేదో వేళాకోళం ఆడబోయి ఆగిపోయి, “బానే నిలబడ్డావు” అని చారు గిన్నె నా ముందుకి తోశాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. మాస్టారు కాస్త కోలుకున్నాక ఐదుగురం ఆస్పత్రికి వెళ్లాం. నేను ఊహించుకున్నంత పెద్దాకారమేమీ కాదు. బక్కగా, మొనదేలిన ముక్కుతో, మా రాజమండ్రి లెక్కల మాస్టారిలాగే ఉన్నారు. శిష్యుల్ని ఒక్కొక్కర్నీ పలకరించి, నన్ను దగ్గరకి రమ్మన్నారు. పొగుడుతారనుకుని తల వంచుకున్నాను. “నా అక్షరాన్ని వంకరగా వేశావు” అన్నారు. “చక్కిలిగిలి పుట్టిందండీ” అన్నాను. ఆయన నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నర్సు టీవీ కట్టేస్తానంటే దెబ్బలాడారట, మా వరుస కనబడ్డప్పుడల్లా ఆవిణ్ణి పిలిచి చూపించారట. ఆ సంగతి పక్కనున్న వాళ్లావిడ చెప్పింది. మేం లేవబోతుంటే మాస్టారు గొంతు సవరించుకుని, “వచ్చే ఏడాది నేనొస్తాను. నా చోటు నాకు కావాలి” అన్నారు. నడవగలరో లేదో ఇంకా ఎవరికీ తెలియదు. అయినా ఆ గదిలో ఒక్కరమూ అనుమానించలేదు.

అన్నట్టే వచ్చారు. చేతికర్రతో, మెట్లు ఒక్కొక్కటే దిగుతూ. (వాళ్లావిడ షరతు ప్రకారం ఒంటిరంగు ఉన్ని బనియను తొడుక్కుని, దాని మీద రంగు పూయించుకున్నారు. మాస్టారికి ఆ మినహాయింపు ఉందని శిష్యులందరం ఏకగ్రీవంగా తీర్మానించాం.) నేను నా చొక్కా తొడుక్కుని వెనక వరుసలో కూర్చోబోయాను. “నువ్వెక్కడికి?” అన్నారు మాస్టారు. నన్ను పైనుంచి కిందికి ఎగాదిగా చూసి, “వీడి ఒళ్లు చూడండి, దేవుడు దీనికోసమే చేశాడు” అంటూ కుంచె తనే అందుకుని, నా ఛాతీ మీద నిలువుగా ఒక గీత గీసి, బొడ్డు పైన చుక్క పెట్టారు. ఆ ఏటి నుంచి మేం ఆరుగురం. మా మాట చివర ఆశ్చర్యార్థకం నేనే. టీమ్ ఆ రోజు కూడా ఓడిపోయింది.

ఇప్పుడు చలి అంతగా ఉండని ఫ్రిస్కోలో ఉంటున్నాను. డిసెంబరులో చెత్తడబ్బా రోడ్డు మీద పెట్టి రావడానిక్కూడా జాకెట్ వేసుకుంటాను. “నాన్నా, ఇట్స్ నాట్ ఈవెన్ కోల్డ్, ఎందుకు అంత జాకెట్?” అని నవ్వుతుంది మా అమ్మాయి. నిజమేనమ్మా అంటూ జిప్పు మెడదాకా లాక్కుని, డబ్బా తోసుకుంటూ వెళతాను. ఒక్కోసారి అటూ ఇటూ చూసి, వీధిలో ఎవరూ లేరని రూఢి చేసుకుని, చేతులు రెండూ ఒంటికి ఆనించి, మడమలు కలిపి, ఊపిరి బిగబట్టి గీతలా నిటారుగా నిలబడి చూస్తాను. పొట్ట ఒప్పుకోదు.