అప్పలస్వామి కొడుకు పైడిరాజు

కోవిడ్ మాస్కులు జనం ముఖాల మీంచి మెల్లగా దిగుతున్న ఏడాది, వేసవి సెలవులు అయిన వెంటనే నన్ను విజయనగరం జిల్లాలోని ఒక చిన్న మేజిస్ట్రేట్ కోర్టుకి సూపరింటెండెంటుగా బదిలీ చేశారు. శృంగవరపుకోట దాటాక కొండల కింద ఉంటుందా ఊరు. పేరు చెప్పను. ఎందుకు చెప్పనో చివరికి మీకే తెలుస్తుంది. సూపరింటెండెంటు అంటే పాతకాలపు శిరస్తదారు. తీర్పు మేజిస్ట్రేటుగారిది, తీర్పు కాక మిగిలిన తలనొప్పులన్నీ మనవి. రిటైరయ్యే ముందు అదే నా ఆఖరి మజిలీ.

ఆ కోర్టుకి తాగి బండి నడిపిన కేసులు ఎక్కువగా వచ్చేవి, సంత మర్నాడు మరీను. పోలీసులు రోడ్డు మీద బండి ఆపి, మిషన్‌లోకి ఊదిస్తారు. మిషన్ ఇచ్చిన చీటీ, లైసెన్సు నకలు, ఛార్జిషీటు కలిపి మాకు పంపుతారు. మేము దానికి ఎస్.టి.సి. నంబరు వేస్తాం. సంక్షిప్త విచారణ కేసు అన్నమాట. ముద్దాయి ఒప్పుకుంటే సాక్షులూ వాదనలూ ఉండవు, ఒక్క పూటలో తేలిపోతుంది. చాలామంది ఒప్పేసుకుంటారు. జరిమానా పడుతుంది. కొందరికి దానితోపాటు 'కోర్టు లేచేవరకు' శిక్ష. మేజిస్ట్రేటుగారు ఆ రోజు పని ముగించి కుర్చీలోంచి లేచేదాకా ముద్దాయి హాల్లోనే ఓ మూల కూర్చోవాలి. ఇదీ ఒక శిక్షేనా అనిపిస్తుంది. ఎరిగినవాళ్ళందరూ వస్తూ పోతూ చూస్తుంటే సాయంత్రందాకా తల దించుక్కూర్చున్నవాణ్ణి అడగండి, చెబుతాడు.

ముగిసిన కేసుల వివరాలు కోర్టు వెబ్‌సైట్లో ఉంటాయి. పేరు కొడితే ఎవరికైనా కనిపిస్తాయి. అయితే ఫోన్లో కనబడేది ముద్దాయి పేరు, తండ్రి పేరు, సెక్షను, ఫలితం. అంతకు మించి కావాలంటే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టాలి. ఆ కేసుతో సంబంధం లేని మనిషైతే, ఎందుకు కావాలో అఫిడవిట్ రాసి మేజిస్ట్రేటు అనుమతి కూడా తీసుకోవాలి.

ఒక మధ్యాహ్నం నేను క్యారేజీ విప్పబోతుంటే ఒక అమ్మాయి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. పేరు గౌరి. ప్రైవేటు బళ్ళో పిల్లలకి లెక్కలు చెబుతుంది. కూర్చోమంటే కూర్చోలేదు. తన ఫోను నా ముందు పెట్టింది. దాంట్లో మా కోర్టు కేసే ఉంది: పైడిరాజు, తండ్రి అప్పలస్వామి, తాగి వాహనం నడిపినందుకు శిక్ష.

"ఈ మనిషితోనే సార్ నాకు తాంబూలాలు పుచ్చుకున్నారు," అంది.

సంగతి ఇది. పైడిరాజు సొంత గూడ్స్ ఆటోలో కొండ ఊళ్ళనుంచి కూరగాయలు మార్కెట్టుకి తోలుతాడు. సంబంధం అందరికీ నచ్చింది. గౌరి మేనమామకి మార్కెట్లో కిరాణా కొట్టుంది. తండ్రి లేని పిల్ల కదా అని ఆయన ఫోన్లో పెళ్ళికొడుకు పేరు కొట్టి చూశాడు. ఈ కేసు బయటపడింది. తాంబూలాలు వెనక్కి పంపేద్దామన్నాడు.

"మా నాన్న లారీ డ్రైవరండి. తాగి తోలి, గరివిడి రోడ్డులో కల్వర్టుకి గుద్దేసినాడు. అప్పటికి నాను ఏడో తరగతి. అమ్మ ఎలగ పెంచిందో నాకు తెలుసు. తాగి బండెక్కినోణ్ణి సేసుకోను సార్. కానీ ఈయన తాగినట్టు నాకు ఎప్పుడూ అనిపించలేదు. అడిగితే అవుననడు, కాదనడు. ఆ కేసు సంగతి నన్నడక్కు అంతాడు. ఇంకేటి సెయ్యాల నాను?"

మాట నిబ్బరంగానే ఉంది. కళ్ళు మాత్రం అలా లేవు. నాకూ కూతుళ్ళున్నారు. క్యారేజీ మూసేశాను.

ఆ అమ్మాయి ఇంకో పని చేసింది. అతని ఫొటో చూపించి, ఈయన్ని కోర్టులో చూశారా అని అడిగింది. చూశాను. అక్కడే వచ్చింది చిక్కు. ఈ కేసు విచారణకొచ్చిన రోజు బెంచి క్లర్కు సెలవులో ఉంటే హాల్లో నేనే కూర్చున్నాను. అటెండరు గుమ్మంలో నిలబడి "అప్పలస్వామి కొడుకు పైడిరాజూ!" అని కేకేస్తే ఇద్దరు లోపలికి వచ్చారు. తాగినది ఎవరని మేజిస్ట్రేటుగారు అడిగారు. ఒకడు చెయ్యెత్తాడు. రెండోవాడు, "ఆడికి తోడొచ్చినానండి" అన్నాడు. శిక్ష ఒకడికే పడింది గానీ సాయంత్రందాకా ఇద్దరూ ఆ మూలే కూర్చున్నారు. మధ్యలో తోడొచ్చినవాడు బయటికెళ్ళి, ఇడ్లీ పొట్లం తెచ్చి, హాల్లో తినకూడదని అటెండరు కసిరితే వరండాలో పట్టుకుని నిలబడ్డాడు.

ఇంత గుర్తుంది. చెయ్యెత్తినది ఈ ఫొటోలోవాడా, రెండోవాడా అన్నది మాత్రం గుర్తులేదు. ఇద్దరికీ మాస్కులున్నాయి, ఇద్దరిదీ ఒకటే పోలిక. ఊహించి చెప్పొచ్చు. తప్పు చెబితే ఒక పెళ్ళి పోతుంది, లేదా ఆ అమ్మాయి బతుకు తల్లి బతుకే అవుతుంది. గుమస్తా జ్ఞాపకం రికార్డు కాదు. "పేరు చూసి మనసు పాడుచేసుకోకమ్మా, కాపీకి పెట్టు" అని మాత్రం అన్నాను.

అఫిడవిట్లో కారణం రాసే చోట జనం మామూలుగా 'సొంత అవసరం నిమిత్తం' అని రాసేస్తారు. అలాంటివాటిని మా మేజిస్ట్రేటుగారు తిప్పి పంపేవారు. ఆవిడ ఉద్యోగానికి కొత్త, రూలంటే రూలే. నిజం రాయమని గౌరికి చెప్పాను. కాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి, 'నేను పెళ్లి చేసుకోవలసిన మనిషి గురించి నిజం తెలుసుకొనుటకు' అని రాసింది. మేజిస్ట్రేటుగారు ఆ వాక్యం దగ్గర ఆగారు. నా వైపు ఒకసారి చూసి, అనుమతిస్తూ సంతకం పెట్టారు.

కాపీ తయారయ్యాక గౌరి మళ్ళీ వచ్చింది. ఈసారి కూర్చుంది. ఛార్జిషీటు ఎలా చదవాలో చూపించాను. పేరు, తండ్రి పేరు, ఊరు దగ్గర ఆగకూడదు. కింద వయసు, బండి నంబరు, లైసెన్సు నంబరు, ఒంటి మీద గుర్తులు ఉంటాయి. అసలు మనిషి అక్కడుంటాడు. ఆమె తన ఫోన్లో ఉన్న పైడిరాజు లైసెన్సు ఫొటో తీసి పక్కన పెట్టుకుంది. లెక్కల టీచరు కదా, ఒక్కో అంకె మీదా వేలు పెట్టి సరిచూసింది. కలవలేదు. వయసు కలవలేదు. కేసులోది మోటారు సైకిలు. గుర్తుల దగ్గర 'ఎడమ కనుబొమ్మపై గాటు' అని ఉంది.

"ఈన కాదు," అంది. ఆ రెండు మాటలూ అని, చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. మా కాపీయిస్టు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

తేరుకున్నాక ఆమే విప్పి చెప్పింది. మా వైపు సింహాద్రి అప్పన్నకి మొక్కుకుంటే పుట్టిన మగపిల్లలందరికీ అప్పలస్వామి అనే పెట్టేస్తారు. పెళ్ళికొడుకు ఇంట్లోనూ అంతే: పెదనాన్న పెద అప్పలస్వామి, తండ్రి చిన అప్పలస్వామి. ఇద్దరూ తమ పెద్ద కొడుక్కి తాత పేరు పైడిరాజు అని పెట్టుకున్నారు. ఒకటే ఇంటిపేరు, ఒకటే ఊరు. పెద, చిన అన్నవి నోటి మాటలోనే గానీ కాగితాల్లోకి ఎక్కలేదు. కేసు పెదనాన్న కొడుకుది. వడ్రంగి. తాగుడు భరించలేక పెళ్ళాం పుట్టింటికి పోయింది.

"ఇంక ముట్టనని అప్పన్న మీద ఒట్టేస్తే, మొన్నీమధ్యే తిరిగొచ్చిందండి ఆ వదిన. కేసు సంగతి ఆవిడికి తెలీదు కావాల. అందుకే ఈయన నోరు ఇప్పలేదు. తన పెళ్ళి పోతన్నా ఇప్పలేదు, సూడండి!"

కోపంగానే అంది. కానీ ఆ కోపంలో ఎంత మురిపెముందో ఎదురుగా కూర్చున్న నాకు తెలుసు.

కాపీ మడుస్తూ, దీన్ని మావయ్యకి చూపించకపోతే తప్పా అని అడిగింది. కాపీ తీసుకున్నవాళ్ళది, ఎవరికి చూపించాలన్నది కోర్టు చెప్పదు అన్నాను. ఆమె దాన్ని హ్యాండ్‌బ్యాగులో అడుగున పెట్టుకుంది.

ఆ వారంలోనే మేనమామ వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో ఫోను. మేనకోడలు కోర్టు కాగితం చూశానంటోంది, వీడు కాదంటోంది, ఎవడో చెప్పదు, కాగితం చూపించదు అన్నాడు. ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు, మీరూ పెట్టండి అని ఫారం ఇచ్చాను. దాన్ని చేతిలో తిప్పాడు. కాసేపు ఫ్యాను కేసి చూశాడు.

"మా పిల్ల సూసింది గదండీ, సాల్లెండి. నాకన్నా దానికే ఎక్కువ మంట, తాగుడంటే," అని ఫారం తిరిగిచ్చేశాడు.

పెళ్ళికి నన్నూ పిలిచారు. శుభలేఖలో వరుడి తండ్రి పేరు 'చిన అప్పలస్వామి' అని అచ్చయింది. ఆ 'చిన' ఎవరు వేయించారో అడగాల్సిన పనిలేదు. భోజనాల దగ్గర ఒకతను వద్దన్నా వినకుండా నా ఆకులో పులిహోర వడ్డించాడు. ఎడమ కనుబొమ్మ మీద గాటుంది. వెనకాల అతని భార్య నెయ్యి గిన్నె పట్టుకుని నవ్వుతూ వస్తోంది. నేను అతని ముఖంలోకి రెండోసారి చూడలేదు.

తాగి నడిపినవాడి రికార్డు అందరికీ అందుబాటులో ఉండాల్సిందే. గౌరి లాంటివాళ్ళ కోసమైనా ఉండాలి. అందులో నాకు సందేహం లేదు. కానీ మా జిల్లాలో పేరు దొరికితే సగం పనే అయినట్టు. రిటైరయ్యాక కూడా ఎవరో ఒకరు ఫోను పట్టుకొచ్చి, ఇదిగో ఫలానావాడి కేసు దొరికిందండీ అని చూపిస్తూనే ఉంటారు. కళ్ళజోడు పెట్టుకునే ముందే అడుగుతాను, పెద అప్పలస్వామా, చిన అప్పలస్వామా అని.