మోకాలు మోయగలిగిన చెక్క

తారాదేవికి నలభై ఎనిమిదేళ్లు. బుకిట్ పంజాంగ్‌లో ఫ్లాట్, బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నలభై దాటాక ఆఫీసువాళ్లతో జపాన్ వెళ్లి, మంచు కొండ మీద జారే పొడవాటి పలకలు, స్కీలు, కాళ్లకి కట్టుకుంది. పడుతూ లేస్తూ నేర్చుకుంది. ఆ తర్వాత ఏ చలికాలమూ వెళ్లకుండా ఉండలేకపోయింది.

కిందటేడు కుడి మోకాలికి ఆపరేషన్ అయింది. స్కీయింగ్ మానమని డాక్టరు అనలేదు గానీ, కాలికి బరువు తగలకూడదన్నాడు. తారాదేవి పొట్టి మనిషి. ఆమె కొలతకి దుకాణాల్లో దొరికే తేలికపాటి స్కీలు పిల్లలవి. ఆమె నిలబడితే తాటాకుల్లా వంగిపోయాయి. పెద్దవాళ్లవి ఎత్తి అడుగేస్తేనే మోకాలు పట్టేసింది.

"అయితే నేనే చేసుకుంటాను," అంది.

భర్త ఈశ్వరరావు టీ కప్పు కింద పెట్టాడు. "చినుకూ చెమటా తప్ప మంచు ఎరగని ఊళ్లో కూర్చుని స్కీలు చేస్తావా? కాలు మళ్లీ దెబ్బతింటే?"

"దెబ్బతినకుండా ఉండటానికేనండీ చేసుకునేది."

స్కీకి పైనా కిందా ఫైబర్‌గ్లాస్ పొరలుంటాయి, మధ్యలో చెక్క ఉంటుంది. బరువూ బలమూ చాలావరకు ఆ చెక్కని బట్టే. తారాదేవి ముందు బొమ్మ విమానాలకి వాడే బల్సా తెచ్చింది. చేతిలో పట్టుకుంటే ఏమీ లేనట్టే ఉంది. బూటు బిగించే మరలు తిప్పగానే చెక్క పిండిలా రాలి, మరలు ఊడొచ్చాయి. తర్వాత గట్టిదీ బరువైనదీ అయిన యాష్ చెక్కతో చేసింది. మరలు గట్టిగా కూర్చున్నాయి. కానీ వాటితో హాల్లో కాసేపు నడిచేసరికి మోకాలు వాచింది.

ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి మోకాలికి పెడుతూ, "ఇంక చాలించు తారా," అన్నాడు ఈశ్వరరావు.

"ఒక్క చెక్కే అన్నీ చెయ్యాలని పట్టుబట్టడం నా పొరపాటు," అందామె.

ఈసారి తేలికైన పాలోనియా చెక్క తెప్పించింది. దాని మధ్య నిలువునా వెదురు బద్దలు అతికించింది, వంగినా తిరిగి లేచేందుకు. బూటు కింద మాత్రం యాష్ ముక్క పెట్టింది. వుడ్‌ల్యాండ్స్‌లో అద్దెకిచ్చే వర్క్‌షాపులో ప్రెస్సు కింద పెట్టి అతికించింది. వారం తిరగకుండానే పొరలు విడిపోయాయి. గాలిలో తేమంతా చెక్క పీల్చుకుందని అర్థమైంది. మళ్లీ చెక్కలు కోసి, ఈసారి కూతురు దీక్షిత గదిలో ఏసీ వేసి ఆరబెట్టాకే అతికించింది.

"అమ్మా, మై రూమ్ ఆల్రెడీ టింబర్ షాప్ లా!" అని దీక్షిత అక్కడి పిల్లల ఇంగ్లిష్‌లో విసుక్కుంది. అయినా తలుపు తీసినప్పుడల్లా వెంటనే మూసేది.

ఈ కొత్త జత తయారయ్యాక ఒక స్కీని రెండు పీటల మీద అడ్డంగా పెట్టింది తారాదేవి. ఇంట్లో అందరికంటే బరువైనవాడు ఈశ్వరరావు. "ఎక్కండి," అంది. ఆయన గోడ పట్టుకుని భయం భయంగా ఎక్కాడు. స్కీ వంగింది. దిగగానే మామూలుగా లేచింది. ఆయన వంగి అంచులన్నీ తడిమి చూశాడు. "ఎక్కడా పగుల్లేదు," అన్నాడు మెల్లగా. ఆ మర్నాడు టికెట్లు ఆయనే కొన్నాడు.

జనవరిలో జపాన్ కొండ మీద పొద్దున్నే మంచు గట్టిగా ఉంది. దిగుతుంటే స్కీల ముక్కులు గడగడా వణికాయి. చివర్లలో చెక్కని మరీ పలచగా చెక్కేసినట్టు ఆమెకి తెలిసింది. వేగం తగ్గించి, మలుపులు పెద్దవిగా తిప్పుకుంటూ కింద దాకా వచ్చింది. ఈశ్వరరావు పరుగెత్తుకొచ్చాడు.

"మోకాలు?"

"నొప్పి లేదండీ," అంది. చెబుతూనే మళ్లీ పైకి వెళ్లే లిఫ్టు వైపు తిరిగింది.