సుగుణ మేడం తడిపిన నావ

మా ఎదురింటివాళ్లు కొత్తగా ఇల్లు కడుతున్నారు. పిల్లర్లకు చుట్టిన గోనెపట్టాలను పొద్దున్నే తడుపుతారు. ఆ తడి గోనె వాసన కిటికీలోంచి వచ్చిందంటే నా చేతిలో టీ చల్లారిపోవాల్సిందే. సుగుణ మేడం గుర్తొస్తుంది. భూపాలపల్లి జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న చిన్న పడవల మ్యూజియానికి ఆమె అధికారి, నేను ఆమె సహాయకురాలిని. తెడ్లు, లంగర్లు, వలలు ఎన్ని ఉన్నా ఆమె ప్రాణమంతా ఒకప్పుడు ధాన్యం, కలప మోసిన పెద్ద టేకు నావ మీదే ఉండేది.

నాది బచ్చన్నపేట. ట్యాంకరు దగ్గర బిందెలు పెట్టి కొట్లాడుకుంటూ పెరిగినదాన్ని. చేరిన రోజే నా చేతికి పైపు ఇచ్చి, నావ మీద కప్పిన గోనెపట్టాలు తడపమంటే ఒళ్లు మండింది.

“మా ఊర్ల మనుషులకే నీళ్లు లేవు మేడం. గీ కట్టెకు పోసుడేంది?” అన్నాను.

ఆమె కోప్పడలేదు. పలకల సందులు చూపించింది. “గిది పుట్టినకాన్నుంచి నీళ్లల్లనే ఉన్నది రజితా. ఎండితే కట్టె ముడుసుకుంటది, సందులు పెద్దగైతయి. మనిషి లెక్కనే దీనికీ దూపైతది,” అంది. దాహం సంగతి నాకంటే ఎవరికి ఎక్కువ తెలుసు? పైపు పట్టాను.

జనగామ, మహబూబాబాద్ బడుల నుంచి పిల్లలు బస్సుల్లో వచ్చేవారు. చాలామందికి పడవను చూడటం అదే మొదలు. ముట్టుకోవద్దని అనే అలవాటే ఆమెకు లేదు. ఒక్కొక్కరికీ చెంబు ఇచ్చి నావకు నీళ్లు పోయించేది. బయ్యారం నుంచి వచ్చిన ఒక పిల్ల పలకకు చెవి ఆనించి, “తాగుతున్నది టీచర్,” అంది. ఆ మాటే అందరికీ చెప్పుకుని మేడం రోజంతా మురిసిపోయింది.

తర్వాత మ్యూజియం కమిటీ మారింది. కొత్త హాలు, మెరిసే టైల్స్, రంగుల లైట్లు వచ్చాయి. నావను అందులోకి చేర్చి, ఎవరైనా జారిపడతారని నీళ్లు పోయడం ఆపించారు. మేడం కాళ్లావేళ్లా పడింది. అంత పాతదానికి ఇంకేమవుతుందని నవ్వారు. ఆమె వినకుండా తడుపుతూనే ఉండేసరికి ఉద్యోగంలోంచి తీసేశారు. తాళాలు నాకు ఇచ్చి పైపు పీకించేశారు. నేను తడిగుడ్డతో తుడుస్తూ వచ్చాను. దానికి ఏం సరిపోతుంది, నా మొహం.

ఆ ఎండాకాలం నావ టప్ టప్‌మని పగలడం మొదలుపెట్టింది. ఒకరోజు మేడం అందరిలాగే టికెట్టు కొనుక్కుని వచ్చింది. పలకల మధ్య వేళ్లు పెడితే లోపలికి దూరిపోయాయి. చాలాసేపు చెయ్యి తీయలేదు.

“ఇప్పుడన్న తడుపుదామా మేడం?” అన్నాను.

“లాభం లేదు బిడ్డా. ఇగ పలకలు కలువయి.”

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నా తల నిమిరింది. “నన్ను తీసేసినందుకు బాధ లేదు. గిది పలుగుతుంటే ఆ చప్పుడు దినాం నువ్వొక్కదానివే ఇంటున్నవు. గదే నా బాధ,” అంది.

చలికాలం వచ్చేసరికి మొగుళ్లపల్లిలోని తన ఇంట్లో ఆమె కన్నుమూసింది. నావను ఊడదీసి ఆ చోట ఫైబర్‌తో చేసిన నావ బొమ్మ పెట్టారు. పిల్లలు దానిమీదికెక్కి ఫొటోలు దిగుతారు, నేను పక్కన నిలబడి వివరాలు చెబుతాను. టేకు పలకను ఏ వేళకు తడపాలో, ఎంత తడిస్తే చాలో, ఏ చప్పుడు వింటే భయపడాలో, మేడం నేర్పిందంతా నా చేతుల్లో అలాగే ఉంది. నాకు బాగా వచ్చిన పని అదొక్కటే. చేద్దామంటే నావ లేదు.