గవ్వలకోట పదకొండు ముద్రణలు

కార్తీకం వెళ్ళి చలి ముదిరాక, గాలి లేని ఆదివారం ఒకటి చూసుకుని నేను ఇనప్పెట్టె తెరుస్తాను. మూత ఎత్తగానే ముందు ఎండు వేపాకు చేదు వాసన వస్తుంది, దాని వెనకే పాత కాగితం వాసన, అన్నిటికీ అడుగున కాఫీ గింజల వాసన. పెదబయలు దగ్గర ఆశ్రమ పాఠశాలలో నేను తెలుగు చెబుతాను. పుస్తకాల పెట్టెలో కాఫీ వాసనేమిటని ప్రతి ఏడూ ఎవరో ఒక పిల్ల అడుగుతుంది. జవాబు చెప్పాలంటే నా తెలివితక్కువతనం ముందు చెప్పుకోవాలి కాబట్టి, పెట్టె పాతది అని తప్పించుకుంటాను. ఈసారి అడిగిన పిల్ల ఊరుకునే రకం కాదు. పెట్టెలో ఉన్నవన్నీ ఒకే పుస్తకమని కూడా కనిపెట్టేసింది. 'గవ్వలకోట' అనే జానపద నవల, పదకొండు ముద్రణలు, పదకొండు ప్రతులు. వాటిని కూడబెట్టిన మనిషిని ఈ పిల్లలు చూడలేదు. మీరూ చూడలేదు. అందుకే రాస్తున్నాను.

ఆయన పేరు సింహాద్రి. అరకు దాటాక వచ్చే ఒక చిన్న రైల్వే స్టేషనులో బుకింగు క్లర్కు. విజయనగరం పక్క పల్లె నుంచి ఉద్యోగానికని కొండెక్కి, మళ్ళీ దిగలేదు. పెళ్ళి చేసుకోలేదు. పుస్తకాన్నే కట్టుకున్నాడని రైలు గార్డులు ఆయన ముందే వేళాకోళమాడేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు. పొద్దున పైకి వెళ్ళే పాసింజరుకూ సాయంత్రం కిందకి దిగే పాసింజరుకూ మధ్య ఆ స్టేషనులో పనేమీ ఉండదు. ఆ ఖాళీలో ఆయన క్వార్టరు అరుగు మీద కూర్చుని అదే నవలని మళ్ళీ మళ్ళీ చదువుకునేవారు. ఆ రచయితని పేరుపెట్టి పిలవగా నేను వినలేదు. "మనాయన" అనేవారు, మేనమామ గురించి చెప్పినట్టు. మనాయన రాసిన మిగతా నవలలూ ఆయన దగ్గర ఉండేవి గానీ అవి ఒక్కొక్క ప్రతే. గవ్వలకోట మాత్రం ఏ ముద్రణ కనపడినా వదిలేవారు కాదు. విశాఖలో పాత పుస్తకాల బళ్ళ దగ్గర గార్డు ఈశ్వరరావు గారు వెతికి, పొట్లం కట్టి, బ్రేకు వ్యానులో పెట్టుకుని తెచ్చి ఇచ్చేవారు.

నేను ఆయన్ని ఎరిగింది ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న ఏడు. సోమవారం పుట్టానని నాకు సొంబారి అని పేరు పెట్టారు. స్టేషను వెనక కాఫీ ఆరబెట్టే కళ్ళంలో పనికి వెళ్ళేదాన్ని. మా ఆయి, అంటే అమ్మమ్మ, ప్లాట్‌ఫారం మీద సీతాఫలాలు అమ్మేది. పళ్ళ బుట్టలోకి పాత పేపర్లు అడగడానికి ఇద్దరం ఆయన దగ్గరికి వెళ్ళినప్పుడు, ఆయన బల్ల మీద ఒకే బొమ్మ ఉన్న పుస్తకాలు వరసగా చూశాను. ఉన్నదే మళ్ళీ ఎందుకు తెచ్చుకుంటారని అడిగేశాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. "మీ ఆయి సెప్పిన కతే మళ్ళీ సెప్తే నువ్వు ఇనవేటి?" అని ఎదురడిగారు. వింటాను, కానీ మా ఆయి ప్రతిసారీ ఒకలా చెప్పదు కదా అన్నాను. అందుకే ఇవన్నీ అని పుస్తకాల వైపు చూపించారు. మాటల్లో మాటగా పక్కనే ఉన్న మా ఆయిని కూడా అడిగారు, అన్ని రకాలుగా చెబుతావు కదా, అందులో అసలుది ఏదని. ఆమె పళ్ళ మీంచి తల ఎత్తకుండానే జవాబిచ్చింది. "వినీవోళ్ళు మారితే కత మారదా బాబు? నిన్న మంచు, నేడు ఎండ. కొండ అదే కదా." ఆయన ఆ మాట టికెట్ల వెనక రాసుకోవడం చూసి, చదువుకున్నవాళ్ళకి పనిలేదని మా ఆయి దారి పొడుగునా నవ్వింది.

అప్పటికే ఆయన కళ్ళకి నీటికాసులు వచ్చాయి. చూపు అంచుల నుంచి తగ్గుకుంటూ వస్తుందనీ, పోయింది తిరిగి రాదనీ డాక్టర్లు చెప్పేశారు. రోజూ మధ్యాహ్నం ఓ గంట వచ్చి చదివి పెట్టమని నన్నడిగారు. నాకు ఇంట్లో ఒడియా, బడిలోనే తెలుగు. తడబడుతూ చదివేదాన్ని. నేను ఒక ముద్రణ చదువుతుంటే ఆయన కళ్ళు మూసుకుని, పాత అచ్చులో ఇక్కడ తెరచాప ఎర్రటిది, ఇందులో నల్లటిది చేశాడు మనాయన, అని చెప్పేవారు. ఒక ముద్రణలో ఏడ్చిన మాంత్రికుడు ఇంకో ముద్రణలో నవ్వేవాడు. రాసినాయన మనసు మార్చుకున్న చోటల్లా ఆయనకి కంఠతా వచ్చు. కానీ ఏ పుస్తకం కొత్తగా చేతికొచ్చినా ముందు చేసే పని ఒకటే. వాసన చూసి, ఆఖరి పేజీలకు వెళ్ళి, అక్కడ కాసేపు వేలు పెట్టి, మూసేసేవారు. ఏం వెతుకుతున్నారో చాలా రోజులు చెప్పలేదు.

కథ ఇది. సముద్రం మధ్య ఒక మాంత్రికుడు గవ్వలతో కోట కడతాడు. లోపలికి అడుగుపెట్టిన మనిషి గవ్వ అయిపోతాడు. పడవ నడిపేవాడి కూతురు నీలవేణి మంత్రం విరిచి అందరినీ మనుషుల్ని చేస్తుంది. పట్టాభిషేకంతో నవల అయిపోతుంది. ఆయన దగ్గరున్న పది ముద్రణల్లోనూ అంతే. కానీ ఆయన చిన్నప్పుడు విన్న గవ్వలకోట అక్కడితో ఆగలేదు. పదేళ్ళ వయసులో ఆయనకి అమ్మవారు పోసి మంచాన పడితే, పార్వతి అని తనకన్నా నాలుగేళ్ళు పెద్దదైన అక్క పక్కన కూర్చుని, ఎవరి దగ్గరో అరువు తెచ్చిన పుస్తకం చదివి వినిపించింది. అందులో పట్టాభిషేకం తర్వాత ఇంకో అధ్యాయం ఉంది. విందు జరుగుతుండగా, కోట అడుగున ఒక గవ్వ మిగిలిపోయిందని నీలవేణికి గుర్తొస్తుంది. ఆ గవ్వ కోసం ఎవరూ వచ్చి అడగలేదు. ఆమె విందులోంచి లేచి, ఒక్కత్తే పడవేసుకుని వెనక్కి వెళుతుంది. అక్కడిదాకా విని, జ్వరంలో ఆయన నిద్రపోయారు. మర్నాడు పుస్తకం తిరిగి ఇచ్చేశారు. మరుసటి ఏడు వేరే జ్వరంలో ఆ అక్క పోయింది. అలాంటి అధ్యాయమే లేదని ఈశ్వరరావు గారితో సహా అందరూ అన్నారు. మొదటి ముద్రణలో ఉండే ఉంటుందని, తర్వాత తీసేసి ఉంటారని ఆయన నమ్మకం. "పుస్తకంలో ఉంటే ఎప్పుటికైనా దొరుకుతాది గుంటా. నేకపోతే అది మా అక్కతోనే పోయినట్టు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను.

ఆ పుష్యమాసంలో ఆయన కంటి ఆసుపత్రికని నాలుగు రోజులు విశాఖ వెళుతూ తాళం నాకిచ్చారు. అలమారా తీస్తే పుస్తకాలన్నీ తెల్లగా బూజు పట్టి, చెమ్మకు ఉబ్బి ఉన్నాయి. వానాకాలం మంచు అంతా అవే తాగినట్టున్నాయి. ఆయన వచ్చేసరికి బాగుచేసి పెడదామనుకున్నాను. చెమ్మ పట్టినదానికి నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. పదింటినీ తీసుకెళ్ళి, కళ్ళంలో కాఫీ గింజల పక్కన పట్టా పరిచి, నడిమికి తెరిచి ఎండలో పెట్టాను. గంటకోసారి గింజల్ని తిరగేసినట్టే పుస్తకాల్నీ తిరగేశాను. మూడు రోజులు. ఎంత శ్రద్ధగా చేశానంటే మేస్త్రీ కూడా మెచ్చుకున్నాడు. మూడోనాటికి అట్టలు అప్పడాల్లా వంగాయి, జిగురు పొడిపొడిగా రాలింది, కుట్లు ఊడాయి. అప్పుడే కొండమీంచి గాలి దిగింది. గవ్వలకోట పది ముద్రణలూ కాగితాలై కళ్ళమంతా లేచాయి. పనిలో ఉన్న ఆడవాళ్ళందరం పరిగెత్తి ఏరాం. ఏరినవన్నీ ఖాళీ కాఫీ గోనెలో కుక్కాను. పెట్టెలోని వాసన ఆ గోనెదే.

ఆయన రైలు దిగేసరికి గోనె ఎత్తుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. గోనె మూతి విప్పి పట్టుకున్నాను. ఆయన చెయ్యి లోపలికి పెట్టి, కాగితాలు తడిమి, చాలాసేపు అలాగే ఉంచారు. "కాఫీ గింజలనుకున్నావేటే?" అన్నారు చివరికి. తిట్టి ఉంటే బాగుండేది. రెండు రోజులు తలుపు తీయలేదు. నేను కళ్ళానికి వెళ్ళలేదు, అన్నం తినలేదు. కళ్ళు పోతున్న మనిషికి ఉన్న ఒక్క ఆధారాన్నీ నేనే పాడుచేశానని ఏడ్చాను. మూడోనాడు బేగి రమ్మని కబురొచ్చింది. గదిలో మైదా జిగురు ఉడుకుతోంది. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతున్నారు. "అట్టలు పోతే పోయినాయి, అచ్చరాలు ఉన్నాయి కదా. కూకో. ఏ కాగితం ఏ అచ్చుదో నువ్వే తేల్చు" అన్నారు.

తేల్చడానికి వేసవి దాటింది. పది పుస్తకాల కాగితాలు, అన్నీ ఒకే కథ. పేజీ నంబరు చూస్తే చాలదు, వాక్యం చూడాలి, అచ్చుతప్పు చూడాలి, కాగితం మందం వేళ్ళతో చూడాలి. తెరచాప రంగుని బట్టి, మాంత్రికుడి కన్నీళ్ళని బట్టి ఒక్కొక్క పేజీనీ దాని ఇంటికి చేర్చాను. నేను తెలుగు నేర్చుకున్నది బళ్ళో కాదు, అక్కడ. నేను జతచేసి ఇస్తే, చూపు ఆనకపోయినా ఆయన వేళ్ళతోనే సూది తోసి కుట్టేవారు. పుస్తకాన్ని నీడలో, గాలి మెల్లగా తగిలేలా నిలబెట్టి ఆరబెట్టాలని చూపించారు. ఆ సంవత్సరమే ఇంటర్ పాసయ్యాను. ఆయన ఉద్యోగం వదిలేసి స్టేషను దగ్గరే ఒక గదిలోకి మారారు. అప్పటికి వెలుగూ నీడా తప్ప ఏమీ తెలిసేది కాదు.

మరో రెండేళ్ళకి, నేను టీచరు ట్రైనింగు నుంచి సెలవులకొచ్చినప్పుడు, ఈశ్వరరావు గారు రైలు దిగి పొట్లం నా చేతికిచ్చారు. పార్వతీపురం వైపు ఒక పల్లెలో మూతపడిన పఠనమందిరంలో దొరికిందట. అట్ట లేదు గానీ లోపలి పేజీలో ప్రథమ ముద్రణ అని స్పష్టంగా ఉంది. చదివి వినిపిస్తే ఆయన పుస్తకాన్ని ఒళ్ళోకి తీసుకున్నారు. మొదటి నుంచి చదవమన్నారు, ఆఖరి పేజీలకు ముందే వెళ్ళొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నారు. నాలుగు మధ్యాహ్నాలు చదివాను. నాలుగోనాడు పట్టాభిషేకం వచ్చింది. పేజీ తిప్పాను. అటువైపు సమాప్తం అన్న మాట, కింద ఆ ప్రచురణకర్తల ఇతర పుస్తకాల పట్టిక. ఇంకేమీ లేదు.

ఆయన చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని ముందుకు వంగి ఎదురుచూస్తున్నారు. ఆయన పుస్తకాలు పాడుచేసింది నేనే. ఇప్పుడు ఆ అక్కని కూడా నా నోటితో తీసేయమంటే నావల్ల కాలేదు. చదువుతున్న గొంతుతోనే మొదలుపెట్టాను. మనాయన వాక్యం ఎలా నడుస్తుందో పది ముద్రణలు ఏరిన నాకు తెలియదా? విందు, దీపాలు, ఎవరూ అడగని గవ్వ, పడవ. ఆయన నిద్రపోయిన చోటు దాటాక మా ఆయి ఎలా చెబుతుందో అలా చెప్పాను. నీలవేణి చీకటి కోటలో తడుముకుని గవ్వని తీసింది. లోపల ఎవరున్నారని అడగలేదు. చెవి దగ్గర పెట్టుకోలేదు, నోటి దగ్గర పెట్టుకుని, నేనొచ్చాను అంది. అక్కడ ఆపాను.

ఆయన వెనక్కి వాలి కూర్చున్నారు. "మూడు నాలుగు పేజీల కత సెప్పావు. కాగితం తిప్పిన సప్పుడు ఒక్కపాలీ రానేదు."

పుస్తకం పక్కన పెట్టాను. తప్పయిపోయింది బాబుగారూ అన్నాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఆవేళ మా అక్కా తిప్పనేదే గుంటా. ఇప్పుడు గ్యాపకమొచ్చింది. తలగడ తడిసిపోయిందని పుస్తకం మూసి నా తల కింద ఎట్టింది. పుస్తకం తల కిందే ఉంది, కత నడిసింది." కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి గానీ ముఖం నవ్వుతోంది. "మనాయన్ది అనుకుని ఇన్నేళ్ళు ఎతికాను. అది మా అక్కది." ఆ వెంటనే అడిగారు, నేనొచ్చాను అన్న మాట ఎవులిదని. నాదేనని ఒప్పుకున్నాను. బాగుందన్నారు, ఉండనీ అన్నారు. ఆ తర్వాత ఆయన ఇంకే పుస్తకమూ వెతకమని ఎవరినీ అడగలేదు. మూడు చలికాలాలు గడిచాక నిద్రలోనే వెళ్ళిపోయారు. పెట్టె నాకివ్వమని ఈశ్వరరావు గారికి ముందే చెప్పి ఉంచారట.

పదకొండు పుస్తకాలూ ఇప్పుడు వరండా నీడలో నిలబడి ఆరుతున్నాయి. వాటిలో పదింటి వెన్నుల మీదా ఆయన చూడకుండా వేసిన వంకర కుట్లు. నన్ను ఊరుకోనివ్వని ఆ పిల్ల పక్కన కూర్చుని వాటిని లెక్కపెడుతోంది. ఇవాళ సాయంత్రం పిల్లలకి గవ్వలకోట ఆఖరి భాగం చదవాలి. ప్రతి ఏడూ చేసినట్టే చేస్తాను. పట్టాభిషేకం దాకా పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదువుతాను. తర్వాత పుస్తకం మూసేస్తాను, వెనక వరసకి కూడా చప్పుడు వినపడేలా. కథ అయిపోయిందని ఎవరూ లేవరు. ఇంకాస్త దగ్గరికి జరుగుతారు.