మేపుల్ ఆకు వెనక అంకుల్

కోవిడ్ గొడవ సద్దుమణిగాక వచ్చిన రెండో చలికాలం అది. కెనడాలో గ్వెల్ఫ్ అనే ఊళ్లో ఒక మందుల షాపు వెనక భాగంలో ఉన్న పోస్టల్ కౌంటర్‌లో పనిచేసేదాన్ని. ఇక్కడ చాలా పోస్టాఫీసులు ఇలా షాపుల్లోనే ఉంటాయి. దగ్గు మందుకని వచ్చినవాళ్లు స్టాంపులూ కొనుక్కుపోతారు. ఆ నెల పాత రాక్ బ్యాండ్ల ఆల్బమ్ కవర్లతో స్టాంపులు వచ్చాయి. రాక్ పాటలంటే నాకు తలనొప్పి గానీ, ఆ బొమ్మలు ముచ్చటేసి ఒక్కొక్కటీ చూశాను.

స్టాంపులు సేకరించేవాళ్లకు ఒక పట్టింపు ఉంది. హ్యాండ్ క్యాన్సిల్, అంటే స్టాంపు మళ్లీ వాడకుండా మేం చేత్తో వేసే గుండ్రటి తేదీ ముద్ర, అంచుకి లేతగా తగలాలి. బొమ్మ మీద పడిందా, మొహం మాడ్చుకుంటారు. అందుకే మా కౌంటర్‌కి తరచూ వచ్చే సరోజ ఆంటీ అడిగింది విని తెల్లబోయాను.

"రూత్, ముద్ర ఇక్కడ గట్టిగా కొట్టమ్మా. కింద ఏముందో కనపడకూడదు" అన్నారు కవరు ముందుకు తోసి. ఆవిడ వేలు స్టాంపు కింది మూలనున్న మేపుల్ ఆకు మీద ఉంది.

పర్మనెంట్ స్టాంపు మీద ధర ఉండదు, రేటు పెరిగినా చెల్లుతుంది. ధరకు బదులు ఆ ఆకులో పి అక్షరం వేస్తారు. పాపం తెలియక అడుగుతున్నారు, అలవాటు ప్రకారం అంచుకే వేసేద్దాం అనుకున్నాను. కానీ ఆకు మీద ఈవిడకి ఇంత కోపమేమిటి? ఉండబట్టలేక అడిగేశాను.

ఆంటీ భర్త ప్రకాశరావు అంకుల్ కుర్రతనంలో వ్యవసాయ శాస్త్రం చదవడానికి ఇక్కడికి వచ్చారట. ఊరి బయట పొలంలో మట్టి శాంపిల్స్ తీస్తుంటే ఒక బ్యాండ్ వాళ్లు అక్కడే ఫొటోలు దిగారు. వెనకాల బకెట్ పట్టుకుని నిలబడ్డ అంకుల్ కూడా ఆల్బమ్ కవరుకెక్కారు. పాటలు ఒక్కటీ నచ్చలేదు గానీ, ఆ కవరు ఆయన చూపించని చుట్టం లేడు. ఇప్పుడు ఎటోబికోలో ఒక వృద్ధుల కేర్ హోమ్‌లో ఉన్నారు. ఆ కవరు స్టాంపుగా వస్తోందని వినగానే నర్సులందరికీ చాటేసి, ఉత్తరం కోసం ఎదురుచూస్తున్నారు. తీరా ఆంటీ కొని చూస్తే, సరిగ్గా ఆయన నిలబడ్డ చోటే ఆకు వేశారు.

"అసలు లేనే లేనంటే ఆయన తట్టుకోలేరమ్మా. ముద్ర పడి కనపడలేదంటే మీ పోస్టాఫీసువాళ్లని నాలుగు తిట్టి ఊరుకుంటారు" అన్నారు ఆంటీ.

నా మనసు చివుక్కుమంది. ముద్రని ఇంకు ప్యాడ్ మీద బాగా అద్ది, ఆకు మీద బలం కొద్దీ కొట్టాను. నల్లగా అలుక్కుపోయింది.

కొన్నాళ్లకి ఆంటీ మళ్లీ వస్తే ఆత్రంగా అడిగాను. అంకుల్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశారట. పోస్టాఫీసు అమ్మాయికి నా నెత్తే దొరికిందా అని హోమ్ అంతా తిప్పి చూపించారట. ఒక నర్సు జాలిపడి, ముద్ర లేని కొత్త స్టాంపు కొనుక్కొస్తానందట. అంకుల్ గబుక్కున కవరు జేబులో పెట్టేసుకున్నారట.

"కొత్తది వద్దమ్మా, నేనున్నది దీంట్లోనే."

ఆయనన్న ఆ మాట చెప్పి ఆంటీ నా వైపు చూశారు. ముద్ర కింద ఆకుతో సహా ఆయనకు అంతా తెలిసిపోయిందని ఇద్దరికీ అర్థమైంది. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఎవరైనా ముద్ర ఫలానా చోట వెయ్యమంటే, ఎందుకని అడుగుతాను. క్యూ పెరిగిపోతోందని మేనేజర్ విసుక్కుంటాడు. విసుక్కోనీ. ఆ రోజు అడక్కపోయి ఉంటే, ఎంతో పనిమంతురాలిలా అంచుకి లేతగా వేసి పంపేసేదాన్ని.