చిన్నమ్మ పెట్టిన చప్పటి భోజనం

మనిషికి తన జబ్బు గురించి ఎంత తెలిస్తే చాలు?

మా చిన్నమ్మ జబ్బుపడినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

నిన్న పొద్దున హిందూపురంలో కాలేజీకి బయలుదేరుతుంటే చిన్నమ్మ కూతురు లత ఫోన్ చేసింది. "అమ్మ పోయిందక్కా" అంది.

"ఎవురమ్మ?" అని అడిగాను. అంత నమ్మలేకపోయాను.

మొన్ననే వీడియో కాల్‌లో నా చీర రంగు చూసి నవ్విన మనిషి.

మా సరోజ చిన్నమ్మ. అమ్మకు చెల్లెలు, లతకు తల్లి. పెనుకొండ దగ్గర చెనిక్కాయ, అదే వేరుశనగ, పండించే ఇంటి కోడలు.

కొన్నేళ్ల కిందట ఆమెకు కిడ్నీ సమస్య ఉందని తెలిసింది. ఆ సాయంత్రానికే మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్ నిండిపోయింది.

ధర్మవరం మామ టమోటా, ఊరగాయ వద్దన్నాడు. ఇంకెవరో పప్పు వద్దన్నారు. రాగిముద్ద అమృతమని ఒక వీడియో, విషమని ఇంకో వీడియో. నేను చదువుకున్నదాన్ని కదా, ఇంగ్లిష్ ఆర్టికల్స్ పంపాను.

అందరిదీ ప్రేమే.

లత భయపడిపోయి, ఎవరు ఏది వద్దంటే అది వంటింట్లోంచి తీసేసింది. చిన్నమ్మ చిక్కి సగమైంది. జబ్బు కంటే ముందు ఆకలే తీసుకుపోతుందేమో అనిపించింది.

అప్పుడొక ఆదివారం మమ్మల్నందర్నీ భోజనానికి పిలిచింది. ఓళిగలు, అవే బొబ్బట్లు, ఉంటాయనుకుంటూ వెళ్లాం.

విస్తళ్లు వేసి, ఉప్పు లేకుండా ఉడికించిన సొరకాయ ముక్కలు, పిడికెడు అన్నం వడ్డించింది. గ్లాసుల్లో వేడినీళ్లు. మిగతావి వస్తాయని కూర్చున్నాం. ఏమీ రాలేదు.

"మీరందరూ వద్దన్నవి తీసేస్తే ఇదే మిగిలిందప్పా. తినండి."

మామ ఒక ముక్క నమిలి, కొంచెం ఊరగాయ ఉంటే వెయ్యమన్నాడు.

"అది నువ్వే వద్దంటివి కదన్నా. సప్పగా ఉండాదా? నాకు నెల నుంచీ ఇట్లే ఉండాది."

అందరం ఆ సొరకాయ ముక్కలే తిన్నాం. కాసేపటికి తనే లోపల్నుంచి ఓళిగలు తెచ్చి అందరికీ వేసింది.

ఆ వారమే హిందూపురంలో డాక్టర్ దగ్గరికి నేనే తోడు వెళ్లాను. చిన్నమ్మ ఒక్కటే అడిగింది.

"ఏం తినగూడదో చెప్పేకి మా ఇంట్లో శానామంది ఉండారు. ఏం తినొచ్చో నువ్వు చెప్పు నాయనా."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, ఏది ఎంత తినొచ్చో ఓపిగ్గా చెప్పాడు. ఇంటికొచ్చి అంతే తింది. మళ్లీ మనిషైంది.

తర్వాత గ్రూప్‌లో ఎవరు హెల్త్ వీడియో పెట్టినా చిన్నమ్మ రిప్లై ఒకటే: "ఆదివారం భోజనానికి రండి."

గ్రూప్ సద్దుమణిగింది!

డయాలసిస్ మొదలయ్యాక, అక్కడ పక్క బెడ్ల ఆడవాళ్లకు కూడా డాక్టర్‌ని తను అడిగిన ఆ ప్రశ్నే నేర్పించింది. ఇవాళ వాళ్ల ఊళ్లో చిన్నమ్మను కడసారి చూడటానికి వచ్చిన వాళ్లలో ఒకామె ఆ మాటే చెప్పుకుని ఏడ్చింది. నాకు ఏడుపు కంటే గర్వమే ఎక్కువ కలిగింది.

అయినా ఒకటి చెప్పాలి.

మేం పంపడం మానేసిన వాటిలో ఆమెకు నిజంగా పనికొచ్చేది ఒక్కటైనా ఉండిందేమో. ఆ నిశ్శబ్దం ఆమెను ఇన్నాళ్లు హాయిగా బతికించిందా, లేక ఇంకొన్నాళ్లు బతకనివ్వలేదా?

నేనింకా తేల్చుకోలేదు.

పోయిరా చిన్నమ్మా. ఇంక నీకు ఎవరూ ఏదీ వద్దనరు. కడుపునిండా తిని, నెమ్మదిగా నిద్రపో.