సుగ్గికి పెట్టిన మారుపేరు

మొన్న శివరాత్రికి ముందు ఒక సాయంత్రం, ఎమ్మిగనూరు బస్సు కోసం ఆదోని బస్టాండులో నిలబడి ఉంటే, ప్రహరీగోడ పక్కన మూటల మీద కూర్చున్న ఒక అమ్మాయి కంటబడింది. ఆమె చుట్టూ సుగ్గికి పోయే జనం. మా పడమటి కర్నూలు పల్లెల్లో సొంత పంట ఇంటికి చేరాక, పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకోతలకు పోయి, మళ్ళీ వానలు పడే వేళకు తిరిగిరావడాన్ని సుగ్గికి పోవడం అంటారు. మసిబట్టిన గిన్నెలు, చుట్టిన దుప్పట్లు, బియ్యం మూటలు, వాటి మధ్య ఈ అమ్మాయి. ఒళ్ళో ఒక చంటిబిడ్డ నిద్రపోతున్నాడు, చేతిలో ఫోను, ఫోనులో ఊరు కట్టే ఆట. ఒకరి ఫోనులోకి తొంగిచూడటం మర్యాద కాదని తెలిసీ తొంగిచూశాను. ఇళ్ళున్నాయి, గాదెలున్నాయి, బావులున్నాయి, పైరు పచ్చగా ఉంది, సిపాయి మాత్రం ఒక్కడూ లేడు. ఉండబట్టలేక, సైన్యం పెట్టుకోలేదేమమ్మా అని అడిగాను.

"కూకోబెట్టి ఎవురు మేపల్లన్నా వాళ్ళని?" అంది తలెత్తకుండానే.

నాకు నవ్వొచ్చింది. అంతలో ఆమె తలెత్తి, బస్సు ఏ ఊరికని అడిగినంత మామూలుగా, "మీవోళ్ళు ఎవురన్నా పోతాండారా సుగ్గికి?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. అది అబద్ధమేమీ కాదు, ఇప్పుడు మావాళ్ళెవరూ పోవడం లేదు. కానీ పోయేవాళ్ళమ్మా అని ఇంకొక్క మాట కలపడానికి నోరు రాలేదు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, ఈ వయసులో కూడా ఆ జనంలోంచి నన్ను నేను పక్కకు తప్పించుకున్నానే అని తల వాలిపోయింది.

మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఇంటికొక కంప్యూటరు లేని ఆ రోజుల్లో ఊరికి రెండో మూడో నెట్ సెంటర్లుండేవి, ప్లైవుడ్ అరల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు, కరెంటు పోతే అందరం ఒక్కసారిగా ఆ... అని అరిచేవాళ్ళం. ఆదోని పాత బజారులో, మెట్లెక్కి పోతే మేడమీద, అటువంటి సెంటరు ఒకటుండేది. దాన్ని నడిపే ఆయన్ని అందరం భాయ్ అనేవాళ్ళం. నేను డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేవాణ్ణి. అక్కడికి పరీక్షల దరఖాస్తు పని మీద వెళ్ళి, కోటలూ సైన్యాలూ ఉన్న ఒక యుద్ధం ఆట చూసి, ఇక అక్కడే పాతుకుపోయాను. ఎదుటి రాజు కోట పడగొట్టినవాడు గెలిచినట్టు. దానికి ముందు ఊరు కట్టుకోవాలి, మనుషుల్ని పెంచుకోవాలి, గాదె నింపుకోవాలి, ఆ తిండి పెట్టి సిపాయిల్ని పోగు చేసుకోవాలి.

ఆటను విప్పి, దాని పొట్టలో ఉన్న బొమ్మలూ లెక్కలూ మనకు కావలసినట్టు మార్చుకోవచ్చని, దాన్ని మాడ్ అంటారని భాయే నాకు చూపించాడు. ఇంకేముంది, పిచ్చివాడి చేతికి రాయి దొరికినట్టయింది. తెల్లదొరల కోటలు తీసేసి ఒకవైపు ఆదోని కొండ మీది కోట పెట్టాను, రెండోవైపు ఎమ్మిగనూరు మగ్గాలు పెట్టాను. గోధుమ చేను పోయి పత్తి, శెనక్కాయ వచ్చాయి. బంగారు గనుల బదులు, ఒక ఊరికి పత్తి బజారు, ఇంకో ఊరికి నేత. మా జట్టులో పత్తి మండీ షావుకారు కొడుకు ఒకడుండేవాడు, మంచివాడే, చేయి పెద్దది, గొంతు ఇంకా పెద్దది. వాడూ వాడి స్నేహితులూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగించేవాళ్ళంటే అది ఆ మాడ్ పుణ్యమే. లేకపోతే హాస్టల్లో సాంబారు తాగే నాకూ వాళ్ళకూ ఏం పొత్తు? ఆ పొత్తు తెగిపోకుండా, మాది కాలువ కింది చేననీ, ఏటా రెండు పంటలనీ చెప్పుకున్నాను. నిజానికి మాది ఆలూరు దగ్గర వాన కోసం ఆకాశం వైపు చూసే మెట్ట. అమ్మ, నాన్న, అక్క ఏటా సుగ్గికి పోయేవాళ్ళు. నా ఫీజు అక్కడి మిరపకాయల్లోంచే వచ్చేది.

ఎమ్మిగనూరు కుర్రాళ్ళు ఒక ఆదివారం బస్సెక్కి వస్తారనీ, రెండూళ్ళకూ మన మాడ్ మీదే పందెమనీ భాయ్ ఊరంతా చెప్పేశాడు. అక్కడే నా కష్టం మొదలైంది, ఎందుకంటే మాడ్ చూడటానికి ముద్దుగా ఉంది గానీ ఆటకు పనికిరావడం లేదు. ఇళ్ళు కట్టినకొద్దీ జనం, జనం పెరిగినకొద్దీ గాదె, గాదె నిండినకొద్దీ సైన్యం. మొదట ఎవడు పెరిగితే వాడు రెండోవాణ్ణి చీమను తొక్కినట్టు తొక్కేసేవాడు. సిపాయికి పెట్టే తిండి పెంచి చూశాను. అప్పుడు ఎవరూ సైన్యం జోలికే పోకుండా, పింఛను పుచ్చుకున్న ముసలాళ్ళలాగా ఇళ్ళు కట్టుకుంటూ కూర్చున్నారు. తగ్గించి చూశాను, అప్పుడు ఊరు కట్టేవాడే లేడు, అంతా కత్తులే. రోజుల తరబడి అంకెలు ఇటు జరిపి అటు జరిపి బుర్ర వేడెక్కిపోయింది. షావుకారు కొడుకు అప్పటికే, దీనికంటే పాత ఆటే నయమేమో అని సాగదీస్తున్నాడు. పాత ఆటకే పోతే నా కుర్చీ కూడా పోతుందని నాకు తెలుసు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అక్క వచ్చింది. సుగ్గి లారీ ఆలూరు నుంచి వచ్చి, ఇంకొందరిని ఎక్కించుకోవడానికి ఆదోనిలో ఆగిందట. హాస్టలుకు పోతే నేను లేను, ఎవరో చెబితే అడుక్కుంటూ అడుక్కుంటూ మెట్లెక్కింది. నెత్తిన కొంగు, చేతిలో తెల్లగుడ్డలో కట్టిన జొన్నరొట్టెల మూట, మూటలోంచి శెనక్కాయ కారం వాసన. మళ్ళీ వానలకు గానీ నన్ను చూడదు కదా, రెండు మాటలు మాట్లాడి పోదామని వచ్చింది. నేనేమో తలుపు దగ్గర ఆమెను చూడగానే, పుస్తకం కింద చీటీ పెట్టుకుని దొరికిపోయినవాడిలా బిగుసుకుపోయాను. భాయ్ మర్యాదస్తుడు, స్టూలు వేసి కూర్చోమన్నాడు. అక్క కూర్చుని తెర మీద మా ఊళ్ళ వైపు చాలాసేపు శ్రద్ధగా చూసింది.

"ఈ ఊర్లో ఎండాకాలమే రాదా ఏమి?" అంది. తరువాత ఇంకా ఆశ్చర్యంగా, "అందురూ ఊర్లోనే ఉండారే. సుగ్గికి ఎవురూ పోరా?"

షావుకారు కొడుకు పగలబడి నవ్వాడు, రాజ్యమేలే ఊళ్ళకు సుగ్గేమిటని. నవ్వుతూనే నా వైపు తిరిగి, ఎవర్రా ఈమె అని అడిగాడు. నేను నోరు తెరవలేదు. తెరిస్తే ఏం చెప్పేవాణ్ణో నాకు ఇప్పటికీ తెలియదు, తెలియకపోవడమే నా బాధ. నా మొహం ఒక్క క్షణం చూసింది అక్క. ఏం చదువుకుందో అందులో.

"ఈ అప్పోళ్ళ ఊరామెనప్పా," అంది వాడితో. "వాళ్ళమ్మ రొట్టెలిచ్చి పంపితే తెచ్చినా."

పుట్టినప్పటి నుంచి నన్ను ఒరే అని తప్ప పిలవని అక్క, పరాయి మగవాణ్ణి అన్నట్టు నన్ను ఈ అప్ప అంది. మూట బల్ల మీద పెట్టి, లారీ పోతుందని లేచింది. నేను కనీసం మెట్ల దాకా కూడా వెళ్ళలేదు. ఊరామె వెంట ఎవరు వెళ్తారు చెప్పండి? కుర్చీకి అతుక్కుపోయి, మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు ఆగిపోయేదాకా తెర వైపే చూస్తూ కూర్చున్నాను. రొట్టెలు మాత్రం అందరం పంచుకుని తిన్నాం. మీ అమ్మ చేయి అమృతంరా అని వాళ్ళు మెచ్చుకున్నారు. అవి చేసింది అక్క.

అయితే ఆమె అన్న మాట నా బుర్రలో పురుగులా తొలిచింది. మా ఆటలో నిజంగానే ఎండాకాలం లేదు. రెండు రోజులు కూర్చుని పెట్టాను. కొంత ఆట సాగాక చేలన్నీ ఎండిపోతాయి, ఊళ్ళో ఉన్న ప్రతి నోరూ గాదెలోంచే తింటుంది. కావాలంటే జనాన్ని ఊరు దాటించి పంపవచ్చు, వానలకు వాళ్ళు తిండి గింజలతో తిరిగొస్తారు. అందరినీ పంపితే కోటకు కాపలా ఉండదు, అందరినీ సిపాయిలుగా ఆపుకుంటే గాదె ఖాళీ. ఎందరిని పంపాలి, ఎందరిని ఉంచాలి, ఎదుటివాడు ఎందరిని పంపి ఉంటాడు? అంతే, అన్నాళ్ళూ కుదరని తూకం అప్పటికప్పుడు కుదిరింది. ఆ ఆదివారం ఎమ్మిగనూరు కుర్రాళ్ళూ మావాళ్ళూ చెమటలు కక్కుతూ ఆడారు, చివరి బస్సు పోతుందని భాయ్ మొత్తుకుంటే గానీ లేవలేదు. ఎవరు గెలిచారో ఇప్పుడు గుర్తులేదు. షావుకారు కొడుకు నా వీపు చరిచి, ఎట్లా తట్టిందిరా నీకు ఈ ఉపాయం అన్నదీ, ఊరికే తట్టింది అని నేను అన్నదీ మాత్రం గుర్తున్నాయి.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ ఊరు దాటి పోయే జనానికి ఆటలో ఒక పేరు పెట్టాలి కదా, వర్తకులు అని పెట్టాను. మూటలు నెత్తిన పెట్టుకుని పోయే మనుషుల బొమ్మ గీయడానికి చేయి రాక, రంగు గుడారాల ఎడ్లబండ్లు పెట్టాను. ఎండాకాలం రాగానే మా ఆదోని ప్రజలు దర్జాగా బండ్లెక్కి వ్యాపారానికి వెళ్ళేవారు. సుగ్గి అనే మాట ఎక్కడైనా కనిపిస్తే అది వేలెత్తి నన్నే చూపిస్తుందని నా భయం.

ఏళ్ళు గడిచాయి. నాకు ఉద్యోగం వచ్చింది, అమ్మానాన్నలు సుగ్గి మానేశారు, అక్క ఎమ్మిగనూరులో నేతపని ఇంటికి కోడలై వెళ్ళింది. సెంటరు మూసేసేటప్పుడు భాయ్ ఒక పాత కంప్యూటరు నాకే ఇచ్చేశాడు. ఒకసారి అక్క మా ఇంటికి వచ్చినప్పుడు, ఎందుకో మరి, ఆ ఆట పెట్టి చూపించాను. క్షమించమని అడగడం చేతగానివాళ్ళం ఇట్లా ఏదో ఒకటి చూపిస్తాం కాబోలు. ఎండాకాలం వచ్చింది, బండ్లు కదిలాయి. వీళ్ళెవరని అడిగింది, వర్తకులన్నాను. బండ్లు బాగుండాయిలే అంది. తరువాత, ఎగతాళి ఏమీ లేకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది:

"మరి వీళ్ళ సంటిబిడ్డల్ని ఎవురెత్తుకుంటారు?"

మా ఆటలో పిల్లలు లేరు. నేను పాలు మానని వయసులో ఉన్నప్పుడు అమ్మానాన్న సుగ్గికి పోతూ, చేనుగట్టు మీద నన్ను ఎత్తుకుని కూర్చోవడానికి ఒకరు కావాలని అక్కను బడి మాన్పించి తీసుకుపోయారు. తిరిగొచ్చాక ఆమెకు బడి కుదరలేదు, ఆ తరువాతి ఏడు కూడా కుదరలేదు. ఇది ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ మాట్లాడుకోనిది. ఆమె దాని గురించే అడిగిందో, మామూలుగానే అడిగిందో, తెలుసుకునే ధైర్యం నాకు లేకపోయింది. కంప్యూటరు ఆపేసి టీ పెట్టిస్తానని లేచాను.

ఇదంతా తలుచుకుంటూనే మొన్న ఎమ్మిగనూరులో దిగాను. నేను బయలుదేరిందే అక్కను చూడటానికి. రొట్టె చేతికిస్తూ, ఆదోని బస్టాండులో సుగ్గి జనం ఉండారా అని తానే అడిగింది. ఉన్నారని, ఒక అమ్మాయి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఫోనులో ఊరు కడుతోందని చెప్పాను. అక్క చెయ్యి పెనం మీద ఆగింది.

"బిడ్డ ఆ పిల్లదేనా, లేకుంటే ఆ పిల్ల తమ్ముడా?"

అడగలేదన్నాను. సిపాయిల గురించి అడగడానికి మాత్రం నాకు నోరొచ్చింది.

మన కాలం నాటి సెంటర్లు పోయాయి, భాయ్ మేడమీద ఇప్పుడు చీరల దుకాణం నడుస్తోంది, లారీల బదులు చిన్న వ్యాన్లు వచ్చాయి, ఊళ్ళు కట్టే ఆటలు మూటల మీద కూర్చున్నవాళ్ళ చేతుల్లోకే వచ్చేశాయి. ఆ అమ్మాయి ఎక్కడికి పోతున్నదీ దాచుకోలేదు, పరాయివాణ్ణైన నన్ను కూడా మీవాళ్ళు పోతున్నారా అని కలుపుకుని అడిగింది. వాళ్ళలోంచి ఆ నామోషీ ఎప్పుడో పోయినట్టుంది, అది నాలోనే మిగిలిపోయింది. అక్క రెండో రొట్టె వేసి, కారం ఇంకొంచెం వేయనా అని అడిగింది. వెయ్యమన్నాను. ఆ పూట ఆమె మొహంలోకి చూసి తినలేకపోయాను.